ఎడమ సీటు బ్రేకు

మదనపల్లెలో కారు తోలే ఆడవాళ్లలో సగం మంది అస్మా దగ్గర నేర్చుకున్నవాళ్లే. డాక్టరమ్మలు, టీచరమ్మలు, బట్టల షాపు వాళ్ల కోడళ్లు, బెంగళూరులో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆడపిల్లలు, అందరూ. సిద్దప్ప డ్రైవింగ్ స్కూల్లో పదమూడేళ్లుగా ఆమెది ఒకటే చోటు. కారులో ఎడమ సీటు.

ఆ సీటు కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. వాటికీ కుడివైపు పెడళ్లకూ మధ్య ఇనుప కమ్మీ కలిపి ఉంటుంది. ఇటు తొక్కితే అటు పెడల్ దానంతటదే దిగుతుంది. నేర్చుకునేవాళ్లు భయంతో రోడ్డు తప్ప ఇంకేమీ చూడరు కాబట్టి ఎప్పుడు తమ కాలు పనిచేసిందో, ఎప్పుడు మేడమ్ కాలు పనిచేసిందో వాళ్లకు తెలియదు. గేదె అడ్డం వచ్చినప్పుడు అస్మా బ్రేకు తొక్కి, "సూడు, ఎంత బాగా ఆపినావో" అంటుంది. వాళ్లు నమ్ముతారు. మరునాడు నిజంగానే ఆపుతారు. ధైర్యం పుట్టించడానికి ఆమె పదమూడేళ్లుగా చెబుతున్న అబద్ధం అది.

స్టీరింగు ఆమె చేతికి వచ్చేది తక్కువ. కొత్తవాళ్లకు మొదటి రోజు చూపించడానికి ఐదు నిమిషాలు, పెట్రోలు బంకు దాకా పోయిరావడానికి పది నిమిషాలు. సొంత కారు లేదు. భర్త జాహిద్ మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాడు. ఇంటికి ఒక స్కూటీ ఉంది. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు కారు కొని స్వీటు డబ్బాతో వస్తే అస్మా మనస్ఫూర్తిగానే తీసుకునేది. వాళ్లు కొనేవి అందరూ కొనే తెల్ల కార్లు. వాటిమీద ఆమెకు ఆశ లేదు. ఆశ లేనిచోట కుళ్లు పుట్టదు.

ఆమె ఆశ వేరే ఉంది. ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి హార్స్‌లీ హిల్స్‌కు కొన్ని కార్లు వరసగా వస్తాయి. రెండే తలుపులవి, నేలను రాసుకుంటూ పోయేవి, అర కిలోమీటరు ముందు నుంచే గొంతు వినిపించేవి. ఆ గొంతు వినిపించగానే అస్మా, "పక్కకు తీసి ఆపమ్మా, పార్కింగ్ నేర్చుకుందువు" అనేది. పక్కన ఎవరున్నా సరే ఆపాల్సిందే. కార్లన్నీ పోయేదాకా పార్కింగు పాఠం నడిచేది. ఆదివారం బ్యాచిలో నేర్చుకున్నవాళ్లు పార్కింగులో గట్టివాళ్లు కావడానికి కారణం ఇదేనని ఎవరికీ తెలియదు.

అలాంటి కారు రోజా కొంటానంది.

రోజాది పుంగనూరు పక్క పల్లె. ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి పోకుండా తండ్రి వెంకటరమణప్ప పొలంలో పచ్చ వలలు కట్టించి టమోటా నారు పెంచే నర్సరీ పెట్టింది. ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి, ఒక్కో గుంటలో ఒక్కో విత్తనం వేసి, ఇరవై అయిదు రోజుల నారు రైతులకు అమ్ముతుంది. టమోటా ధర ఎగిరిన ఏడాది ఆమె నారు కోసం పెద్దపంజాణి నుంచి కూడా రైతులు వచ్చి ముందే చెప్పుకుని పోయారు. ఎవరి సాయమూ లేదు, పెళ్లి చేసుకుని సంపాదించిందీ కాదు. అస్మాకు సరిగ్గా అక్కడే గుచ్చుకుంది. తండ్రి సొమ్ముతో కొనే పిల్ల అయితే ఒక మాట అనుకుని మరచిపోయేది.

పైగా రోజా ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో మొద్దు రకం. ఇరవై రోజుల కోర్సుకు నలభై రోజులు పట్టింది. స్కూలు బోర్డునే ఒకసారి గుద్దింది. లైసెన్సు పరీక్షలో రివర్సు దగ్గర తప్పి రెండోసారి గట్టెక్కింది. ఆ పిల్ల ఒక మధ్యాహ్నం స్కూలుకొచ్చి ఫోన్ ముందుపెట్టింది.

"మేడమ్, ఒకటి సూపిస్తాను. నవ్వకూడదు."

పసుపుపచ్చ కారు. రెండు తలుపులు, రెండు సీట్లు. దూకడానికి కూర్చున్న కప్పలా ఉంది.

"ఎవరిది?" అంది అస్మా.

"ఇప్పటికి కుప్పంలో మునిరాజు అని ఒకాయనది. గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ ఉండాది ఆయనకి. పన్నెండేళ్ల పాతది మేడమ్. నడుం నొప్పంట, కూసుంటే లేయలేకుండా ఉండాడు. అందుకే అమ్మేస్తాండాడు. బెంగళూరు మెకానిక్కు సూసి బండి బంగారం అన్నాడు."

"నీకు రివర్సు సరిగా రాదు గదమ్మా."

"ముందుకు పోయేదానికే కొంటాండాను గదా మేడమ్!" రోజా పకపకా నవ్వింది.

అస్మా నవ్వలేదు.

"మా నాయన ఒప్పుకోవాల. భూమి, బ్యాంకు అన్నీ ఆయన పేరే గదా," అంది రోజా. "ఆయన ఒక పందెం పెట్టినాడు. మేడమ్ కారు తెప్పించు, పుంగనూరు నుంచి కుప్పం దాకా నువ్వే తోలు, నేను ఎనక సీట్లో కూసొని సూస్తా అన్నాడు. ఆగకుండా తీసకపోతే కారు కొనుక్కో. యాడైనా ఆపి తడబడితివా, ఇంక ఆ మాట ఎత్తకూడదు. మీరు రావాల మేడమ్. మీరు పక్కనుంటే నాకు బయం ఉండదు."

ఆ సాయంత్రం ఇంట్లో జాహిద్ ఒక మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. అస్మా ఉల్లిపాయలు తరుగుతూ రోజా కారులో లోపాలన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. మన రోడ్ల హంపులకు దాని అడుగు తగులుతుంది. దాని టైర్లు మదనపల్లెలో దొరకవు. వానొస్తే ఆ పల్లె దారిలో దిగబడిపోతుంది. నారు ట్రేలు పెట్టుకోవడానికి చోటు కూడా లేదు. జాహిద్ అన్నింటికీ ఊ కొట్టి, చివరకు స్క్రూడ్రైవర్ కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు.

"జల్ రీ క్యా గే?" అన్నాడు. కడుపు మండుతోందా అని.

"నాకెందుకు మంట?" అంది అస్మా. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది.

బుధవారం పొద్దున ఎనిమిదికల్లా ఆమె స్కూలు కారు తీసుకుని పుంగనూరు చేరింది. వెంకటరమణప్ప తెల్లచొక్కా వేసుకుని, గుడ్డ సంచితో వెనక సీటెక్కాడు. సంచిలో టెంకాయ, నిమ్మకాయలు, దిష్టికి కట్టే నల్లదారం.

"నాయనా, పందెం తేలకముందే నిమ్మకాయలేంది?" అంది రోజా.

"కారు కొంటే టైర్ల కింద పెడతాం. కొనకపోతే ఇంటికి పోయి పులిహోర సేసుకుంటాం. నాకేం నష్టం?" అన్నాడాయన. తర్వాత అస్మా వైపు వంగి, "మేడమ్, మీ చెయ్యి మంచిదని మా పక్కంతా పేరు. మీ దగ్గర నేర్సుకున్నోళ్లు ఎవురూ యాడా గుద్దుకోలేదంట. ఈ పిల్లకి వచ్చిందో రాలేదో ఈ పొద్దు తేలిపోవాల," అన్నాడు.

కారు కదిలింది. రెండు కిలోమీటర్లు పోయేసరికి అస్మాకు ఒక సంగతి అర్థమైంది. రోజా బాగా తోలుతోంది. లైసెన్సు వచ్చాక ఈ నాలుగు నెలలూ నర్సరీ ట్రాలీ బండిని రోజూ తోలినట్టుంది. క్లచ్ వదలడంలో తొందర లేదు, గేరు మార్చినట్టే తెలియడం లేదు. వేరు తెగకుండా నారు పెరికే చేతులవి. దేన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో వాటికి తెలుసు. ఇంకో రెండు గంటల్లో ఆ చేతులు పసుపు కారు స్టీరింగు మీద ఉంటాయి.

పెద్దపంజాణి దగ్గర హంపు వచ్చింది. రోజా రెండో గేరుకు దించి మెల్లగా దాటించింది. బండి మళ్లీ ఊపందుకుంటున్న క్షణంలో అస్మా కాలు బరువెక్కింది. కొంచెమే. కారు ఒక్కసారి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. వెనక ట్రాక్టరు వాడు హారన్ కొట్టాడు.

"ఏమాయమ్మా?" అన్నాడు వెంకటరమణప్ప.

"తెల్దు నాయనా. క్లచ్ సరిగానే వదిలితి."

"తొందర పడకు. మళ్లీ స్టార్ట్ చెయ్," అంది అస్మా. గొంతు ఎప్పటిలాగే ఉంది. అలా ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఆ మొదటిది కావాలని చేసింది కాదని అస్మా ఇప్పటికీ తనకు తాను చెప్పుకుంటుంది. పదమూడేళ్లుగా ఆ పెడల్ మీదే ఉన్న కాలు, పొరపాటున ఒత్తిందని. రెండోదాని గురించి అలా చెప్పుకోవడానికి వీల్లేదు. గంగవరం దగ్గర ఆవులు రోడ్డు దాటుతున్నాయి. రోజా ఆపింది. ఆవులు పోయాక మొదటి గేరు వేసి వదిలింది. అస్మా కిటికీలోంచి ఆవులనే చూస్తూ బ్రేకు తొక్కింది. బండి ఆగిపోయింది.

వెనక సీట్లో వెంకటరమణప్ప గొంతు సవరించుకున్నాడు. రోజా మెడ వెనక చెమట పట్టింది. అస్మా అది చూసింది. చూసి జాలి పడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఎండలో నడిచి వచ్చినవాళ్లకు కుండనీళ్లు గొంతులో దిగినట్టు ఏదో చల్లగా దిగింది.

మూడోది పలమనేరు దాటాక ఎత్తు మీద. వెనకే గ్రానైట్ రాళ్లు ఎక్కించుకున్న లారీ వస్తోంది. రోజా గేరు తగ్గించి ఎక్కిస్తోంది. అస్మా తొక్కింది. కారు ఆగి ఒక మూర వెనక్కి జారింది. లారీ బ్రేకులు కీచుమన్నాయి. డ్రైవరు తల బయటపెట్టి, "ఏందమ్మా, నేర్సుకునేదానికి ఈ రోడ్డే దొరికిందా? ఇంటెనక సేద్దం మడి లేదా?" అని అరిచి పక్కనుంచి పోయాడు.

అస్మా పోతున్న లారీనే చూసింది. ఆ లారీ ఇంకో నాలుగడుగులు దగ్గర ఉండి ఉంటే?

"ఇంక సాలమ్మా. దిగి మేడమ్‌కి ఇచ్చెయ్," అన్నాడు వెంకటరమణప్ప.

"కుప్పం దాకా నేనే తోల్తా అని కదా మాట," అంది రోజా. తల వంచి ఒకసారి తన కాళ్ల దగ్గర చూసుకుంది. తర్వాత బండి స్టార్ట్ చేసింది.

అక్కడి నుంచి కుప్పం దాకా అస్మా కాలు పెడల్ జోలికి పోలేదు. కడుపు నిండినవాళ్లు ఆకు మడిచినట్టు కాళ్లు రెండూ సీటు దగ్గరకు లాక్కుని కూర్చుంది. కారు ఎక్కడా ఆగలేదు.

మునిరాజు ఫ్యాక్టరీలో రాతి పలకలు గోడల్లా నిలబెట్టి ఉన్నాయి. అన్నింటి మీదా తెల్లటి రాతి దుమ్ము. మునిరాజు యాభై దాటిన మనిషి, చొక్కా మీదే నడుముకు బెల్టు కట్టుకున్నాడు. పని చేసేవాళ్లను పిలిచి టార్పాలిన్ లాగించాడు. అంత దుమ్ములో ఆ పసుపు చూసేసరికి వెంకటరమణప్ప కూడా, "అబ్బా" అన్నాడు.

"ఎక్కేటప్పుడు సుఖమే అన్నా," అన్నాడు మునిరాజు. "దిగేటప్పుడే ఇద్దరు పట్టుకోవాల. అందుకే ఇస్తాండా. మీ పాపకి ఆ బాధ లేదులే."

వెంకటరమణప్ప కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత కూతురితో మెల్లగా అన్నాడు. "బండి మంచిదేనమ్మా. నేను కాదనడంలే. నీకు రాలేదు. మూడు తూర్లు ఆగిపాయ. ఆ లారీ కింద పడాల్సింది. మాటంటే మాట."

రోజా ఏడవలేదు, వాదించలేదు. "సరే నాయనా. అయితే ఒక్క సుట్టు మేడమ్ తోల్తుంది, నేను పక్కన కూసొని పోయొస్తా. దూరం నుంచి వస్తిమి, ఎక్కకుండా ఎట్ల పోయేది?" అంది.

అలా అస్మా చేతికి తాళం వచ్చింది.

ఆ సీట్లో కూర్చోవడమంటే దిగడం. నేల మీద కాళ్లు బార్లా చాపుకున్నట్టుంది. ఇంజను అందుకోగానే ఆ గొంతు ఆదివారాలు దూరం నుంచి వినేదే, ఇప్పుడు వీపు వెనక నుంచి, ఎముకల్లోంచి వచ్చింది. క్లచ్ గట్టిగా ఉంది. క్రిష్ణగిరి రోడ్డెక్కి రెండో గేరు, మూడో గేరు వేసేసరికి రెండు పక్కలా కొబ్బరి చెట్లు వెనక్కి పరిగెత్తాయి. వంపులో కారు నేలను పట్టుకుని తిరిగింది. తాను ఊహించుకున్నదానికంటే బాగుంది. నలభై రెండేళ్ల వయసులో ఒక్కసారి, పది నిమిషాలు, అదీ ఇంకొకరి దయ మీద. ఊహించుకున్నంత బాగా లేకపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనుకుంది అస్మా.

"మేడమ్," అంది రోజా ముందుకే చూస్తూ. "మూడోసారి ఆగినప్పుడు నా కాలు యాక్సిలేటర్ మీద ఉండాది. పక్కన బ్రేకు పెడల్ దానంతటదే కిందికి పాయ. మళ్లీ పైకి వచ్చ. నేను సూసినాను."

అస్మా పక్కకు తీసి ఆపింది. బాగా, సాఫీగా ఆపింది. ఇంజను కట్టేస్తే ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది.

"యాల తొక్కినారు మేడమ్?"

వేరే కారణాలు చాలా దొరికేవి. నీ మంచికే, ఇంకా ముదరాలి, ఇలాంటి బండి ప్రమాదం. పొద్దుట్నుంచి అవన్నీ వరసగా నోట్లోనే ఉన్నాయి. రోజా మొహం చూశాక అవి బయటికి రాలేదు.

"ఓర్సుకోలేకపోతి," అంది అస్మా.

"దేనికి?"

"నువ్వు స్టీరింగ్ పట్టి ఆరు నెలలు గాలేదు. నేను పదమూడేళ్ల నుంచి ఆ పక్క కూసొని ఉండాను. అందరికీ నేనే నేర్పిస్తి. ఎవరు ఏం కొన్నా నాకు ఏం గాలేదు. ఇది మాత్రం..." స్టీరింగు మీద చెయ్యి తీయకుండానే అంది. "ఇది నాది అనుకుంటి, ఎప్పుడూ రాదని తెలిసినా."

రోజా కోపం అప్పుడు బయటికొచ్చింది. "నాకు రాదని మీరు నలభై రోజులు తిట్టినా పడితిని మేడమ్. నిజంగానే రాదు గదా అని. వచ్చినాక కూడా రాదని మా నాయన ముందర సూపిస్తే ఎట్ల? ఆ లారీ తగిలుంటే ముగ్గురం పోయుందుం. నాకూ తోలాలనుందని మీరు ఒక్క మాట అనుంటే వారానికొక తూరి మీకే ఇస్తుంటి గదా!"

ఆ చివరి మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. తనది ఇంకొకరిని అడిగి తీసుకోవాల్సిన స్థితి అని కూడా తేలిపోయింది.

"దిగండి. నేను తోల్తా," అంది రోజా.

సీట్లు మారారు. రోజా ఒకసారి అద్దం సరిచేసుకుని బండి తిప్పింది. మొదట భయంభయంగా, తర్వాత బాగానే. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఎడమ సీట్లో అస్మా కుడికాలు తనకు తెలియకుండానే కిందికి ఒత్తింది. అక్కడ కార్పెట్ తప్ప ఏమీ లేదు.

"ఈడ ఏముండదు మేడమ్. ఊరికే తొక్కబాకండి," అంది రోజా. ఫ్యాక్టరీ గేటు కనిపించాక ఇంకో మాట అంది. "నేను నాయనకి సెప్పను. సెప్తే మీ మీద నెట్టేస్తాండాను అనుకుంటాడు. మీరు సెప్తే నాకు కారొస్తాది. సెప్పకపోతే రాదు. మీ ఇష్టం."

వెంకటరమణప్ప, మునిరాజు గేటు దగ్గరే టీ తాగుతున్నారు. డ్రైవరు సీట్లోంచి కూతురు దిగడం చూసి తండ్రి గ్లాసు కింద పెట్టాడు.

"ఏం మేడమ్, ఈ పిల్లకిచ్చినారా?"

"ఇచ్చినానప్పా. బాగా తోలుతుంది," అంది అస్మా. "పొద్దున కూడా బాగానే తోలింది. మూడు తూర్లు బండి ఆగింది మీ పాప వల్ల గాదు. నా పక్కన బ్రేకుండాది. నేనే తొక్కినాను."

వెంకటరమణప్ప ఆమెను కాసేపు చూశాడు. మెల్లగా ఆయన మొహం మెత్తబడింది.

"సూడప్పా మునిరాజూ," అన్నాడు. "పిల్ల మనసు కష్టపడతాదని తప్పు తన నెత్తినేసుకుంటాండాది. నేనేమన్నా కళ్లు లేనోణ్ణా మేడమ్? మీరెందుకు తొక్కుతారు?"

"ఈ కాలంలో అట్లాంటి టీచరమ్మ యాడుండాదన్నా!" అన్నాడు మునిరాజు.

"మీరు ఇంత మాట అన్నారంటే పిల్లమీద మీకెంత నమ్మకముందో అర్తమాయ. ఇంక నేనెవుర్ని కాదనేదానికి? తీసుకో తల్లీ, తీసుకో."

నిజం చెప్పింది. కారు రోజాకు వచ్చింది. తన పేరూ పోలేదు, పైగా నాలుగింతలైంది. ఇంతకంటే తేలిగ్గా ఎవరికైనా బయటపడే దారి దొరుకుతుందా? అస్మా ఆయన మాట సరిదిద్దలేదు. కాగితాల మీద సంతకాలు జరుగుతున్నంతసేపూ రోజా అస్మా వైపు చూడలేదు. మునిరాజు ఇంట్లోంచి మైసూరుపాకు వస్తే అస్మా ప్లేటు తప్ప అన్నీ అందించింది. వెంకటరమణప్ప మాత్రం "మేడమ్‌కి ముందు పెట్టు, మేడమ్‌కి" అంటూనే ఉన్నాడు. అస్మా ఆ పాకు ముక్క కొరికింది. నోట్లో ఇసుకలా ఆడింది.

ఊరు దాటే ముందు, ఫ్యాక్టరీ డ్రైవరు తోలుకొచ్చిన పసుపు కారును గంగమ్మ గుడి దగ్గర ఆపించాడు వెంకటరమణప్ప. టెంకాయ కొట్టించి, అద్దానికి నల్లదారం కట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. హిందువుల బండ్లకు నిమ్మకాయలు పెట్టించడం అస్మాకు కొత్త కాదు. స్కూలు కారుకు ఆయుధపూజ నాడు తానే పెడుతుంది. ఆయన తాళం తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు.

"మీ మంచి చేత్తో ముందుకు కదిలించండి మేడమ్. ఆ తర్వాతే పిల్ల ఎక్కుతాది."

రోజా చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉంది. ఇప్పుడు చూస్తోంది, సూటిగా. ఆ తాళం తీసుకుంటే ఇంకో పది అడుగులు ఆ కారు తోలవచ్చు. అస్మాకు ఆ ఆశ కూడా కలిగింది. చెయ్యి ముందుకు పోయింది కూడా.

"వద్దప్పా," అంది. "ఇందాక చెప్పింది పిల్లమీద ప్రేమతో చెప్పిన మాట గాదు. నిజంగానే తొక్కినాను. ఇట్లాంటి కారు నాకు లేదు, ఈ పిల్లకి వస్తాందే అని ఓర్వలేక తొక్కినాను. మీరు మంచిగా అనుకుంటే నేను గమ్మునుండిపోతి."

వెంకటరమణప్ప చేతిలో తాళం అలాగే ఉంది. కూతురి వైపు చూశాడు. రోజా తల ఊపింది. గుడి ముందు పూలమ్మే మనిషి కూడా మాల కట్టడం ఆపింది.

"దిష్టి తగలకూడదని ఇంటికాడ్నుంచి నల్లదారం మోసకొస్తినే," అన్నాడాయన చివరకు. "నా ముందర సీట్లోనే కూసొని వస్తివా తల్లీ."

ఆయన తాళం కూతురికిచ్చాడు. "నువ్వే ఎక్కు. ఆ చెయ్యి మనకొద్దు."

రోజా ఎక్కింది. ఇంజను లేచింది. గుడి దగ్గర జనం చుట్టూ చేరారు, ఫోన్లు పైకి లేచాయి. రోజా క్లచ్ వదిలింది. ఒక నిమ్మకాయ టప్పున పగిలింది, కారు ముందుకు ఎగిరి ఠక్కున ఆగిపోయింది.

వెంకటరమణప్ప గిర్రున తిరిగి అస్మా కాళ్ల వైపు చూశాడు. ఆమె పది అడుగుల దూరంలో పందిరి కింద నిలబడి ఉంది.

"నేను ఈడుండానప్పా," అంది అస్మా.

జనంలో ఎవరో నవ్వారు. రోజా మొహం ఎర్రబడింది. సరిగ్గా అప్పుడు, ఇంత జరిగాక కూడా, అస్మా లోపల ఒక చిన్న సంతోషం కదిలింది. సిగ్గుపడింది కానీ అది పోలేదు. రోజా తల పైకెత్తి అద్దంలోంచి ఆమెను చూసింది. ఆ సంతోషం కూడా కనిపించే ఉంటుంది. మళ్లీ స్టార్ట్ చేసింది. ఈసారి మిగతా మూడు నిమ్మకాయలూ ఒకేసారి నలిగాయి. కారు సాఫీగా కదిలి రోడ్డెక్కి ఆగింది. తండ్రి తలుపు తీసుకుని, లోపలికి ఎలా దిగాలో తెలియక ముందు కాలు పెట్టి, తర్వాత తల పెట్టి, చివరకు వెనక్కి తిరిగి కూలబడ్డాడు. పోయొస్తామని ఎవరూ అనలేదు.

అస్మా స్కూలు కారులో ఒంటరిగా బయలుదేరింది. వి.కోట దగ్గర సిద్దప్ప ఫోన్ చేశాడు.

"ఏమ్మా, యాడుండావు? సాయంత్రం బ్యాచి భారతి వాళ్లు వచ్చి కూసొనుండారు."

"వస్తాండానన్నా."

"కారు కొనిరా? పుంగనూరు పక్క ఇంకో నలుగురు ఆడోళ్లు నేర్సుకుంటామంటాండారంట. నీ పేరే అడుగుతాండారు."

"ఇంక అడగరులే అన్నా," అంది అస్మా. సిద్దప్పకు అర్థం కాలేదు. ఆమె ఫోన్ పెట్టేసింది.

తండ్రీకూతుళ్లు పలమనేరు ఇవతల ఎక్కడో దోసెకు ఆగినట్టున్నారు. వెనక నుంచి ఆ గొంతు వినిపించింది. అద్దంలో పసుపు రంగు పెద్దదైంది. పక్కకు వచ్చినప్పుడు వెంకటరమణప్ప కనిపించాడు, ముందున్న డ్యాష్‌బోర్డును రెండు చేతులతో పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. రోజా హారన్ కొట్టలేదు, ఇటు తిరగలేదు. దాటిపోయింది.

అస్మా కాలు కిందికి ఒత్తింది. ఈసారి యాక్సిలేటర్. ఎనభై దగ్గర స్కూలు కారు తలుపులు గడగడలాడాయి, పైనున్న డ్రైవింగ్ స్కూల్ బోర్డు గాలికి ఊళ పెట్టింది. పసుపు కారు వంపు తిరిగి కనిపించకుండా పోయింది. అయినా ఆమె కాలు తీయలేదు.